"వెయ్యి రెట్లు" మైక్రోస్కోపు, బురద రొయ్య రెండో కాలు

ఐదుకి రెండున్నర ఇస్తున్నా. సగం నక్షత్రం నొక్కే వీలు లేదు కాబట్టి పైన మూడు కనబడుతుంది, అది చూసి కొనేయకండి, కాస్త చదవండి.

వస్తువు ఏంటంటే, వైరుతో కంప్యూటరుకో ఫోనుకో తగిలించుకునే యూఎస్‌బీ మైక్రోస్కోపు. చిన్న టార్చిలైటు అంత ఉంటుంది. నాకు 1,650 రూపాయలు పడింది. బ్రాండు పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, ఎందుకంటే ఇదే గొట్టానికి పది పేర్లు అంటించి పది మంది అమ్ముతున్నారు. ఏడు నెలల కిందట కొన్నా. దీని కింద ఉన్న రివ్యూలన్నీ "పిల్లలకి బాగా నచ్చింది", "చీమ పెద్దగా కనబడింది" అనే రకమే. చీమ పెద్దగా కనబడితే కనబడింది, అది మనకెందుకు? నేను దీంతో వేరే పని పెట్టుకున్నా. బురదలో బొరియలు తవ్వుకుని బతికే రొయ్యలాంటి జీవుల కాళ్ళూ గోళ్ళూ చూసి అవి ఏ కుటుంబానివో తేల్చడం. అలాంటి పనికి ఇది పనికొస్తుందా అని వెతికితే తెలుగులో నాకు ఒక్క ముక్క దొరకలేదు, అందుకే ఇంత రాస్తున్నా.

మాది అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబులో పని చేస్తా. ఉప్పు శాతం, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, ఇవీ మా రోజువారీ. ల్యాబులో మామూలు మైక్రోస్కోపు ఉంది, రొయ్య మొప్పల మీద జూథామ్నియం అనే కంటికి ఆనని జీవి పట్టిందా లేదా అని దాంట్లోనే చూస్తాం. మరి ఇంకోటి ఎందుకు కొన్నావురా అంటే, దానికి మా బాబాయి కారణం.

బాబాయికి క్రీక్ పక్కన రెండున్నర ఎకరాల వన్నామీ రొయ్యల చెరువు ఉంది. గట్టు ఒక మూల కారుతోంది. మట్టి వేసి తొక్కించినా వారం తిరక్కుండా మళ్ళీ తడి. ఒకరోజు పొద్దున్నే బకెట్టు పట్టుకుని వచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఏరా, గట్టు తవ్వుతున్న దొంగ వీడే. వీడి పేరేంటో, మందేంటో చెప్పు" అన్నాడు. బకెట్లో నాలుగు వేళ్ళ పొడవున్న జీవి, ముందు ఒక గోరు పెద్దది, ఒకటి చిన్నది. రొయ్యలా ఉంది, రొయ్య కాదు. పీతలా గోరుంది, పీత కాదు. నేను ఫోన్లో ఫోటోలు వెతికి, ఒక గోరు పెద్దది కాబట్టి ఇది ఘోస్ట్ ష్రింప్ అని, అంటే బురదలో లోతుగా బొరియ తవ్వే పాలిపోయిన రొయ్య అని ధీమాగా చెప్పేశా. అప్పుడే బకెట్లోంచి "టక్" మని చిటిక వేసినట్టు చప్పుడు. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ఆ చప్పుడుతోనే నా జవాబు తప్పని అర్థమై ఉండాల్సింది, అవలేదు. ఆ సంగతి కింద చెప్తా.

దాన్ని ల్యాబు మైక్రోస్కోపు కింద పెట్టబోతే పెట్టడానికే కుదర్లేదు. మామూలు మైక్రోస్కోపుకి కింద నుంచి వెలుతురు వస్తుంది, అందుకే గాజు పలక మీద పల్చటి చుక్క అయితే బాగుంటుంది. వేలంత మందం ఉన్న జీవి పెడితే నల్లటి ముద్ద తప్ప ఏమీ కనబడదు. పైగా నలభై రెట్ల లెన్సు కిందకి దించితే దానికీ నమూనాకీ మధ్య ఒక మిల్లీమీటరు సందు కూడా ఉండదు, జీవి వీపుకి లెన్సు గుద్దుకుంటుంది. ఇలాంటి వాటికి పై నుంచి వెలుతురు పడాలి, లెన్సు దూరంగా ఉండాలి, పెద్దగా చేసి చూపించకపోయినా పరవాలేదు. ఈ ఒక్క ముక్క కొనకముందు నాకు ఎవరైనా చెప్పి ఉంటే డబ్బులు మిగిలేవి.

నేనేం చేశానంటే, పెట్టె మీద "1000ఎక్స్" అని ఉన్నది చూసి ఆర్డరు పెట్టేశా.

ఇప్పుడు ఆ వెయ్యి రెట్ల కథ. ఇది మీరే ఇంట్లో పట్టుకోవచ్చు, ఏ ఇంజినీరూ అక్కర్లేదు. పిల్లల ప్లాస్టిక్ స్కేలు తీసుకుని లెన్సు కింద పెట్టండి. స్క్రీన్ మీద బొమ్మ వెడల్పు ఎంతో టేపుతో కొలవండి. నా ల్యాప్‌టాప్ మీద బొమ్మ 26 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. లెన్సు నమూనాకి కాస్త ఎత్తులో ఉన్నప్పుడు ఆ వెడల్పులో స్కేలు మీద 8 మిల్లీమీటర్లు పట్టాయి. అంటే సుమారు 32 రెట్లు. లెన్సుని పూర్తిగా ఆనించి మళ్ళీ ఫోకస్ చేస్తే మిల్లీమీటరున్నర పట్టింది, అంటే సుమారు 173 రెట్లు. అంతకు మించి పోదు. వెయ్యి ఎక్కడ నుంచి వచ్చింది? ఇదే బొమ్మని సినిమా తెర మీద వేస్తే పది వేల రెట్లు కూడా అవుతుంది, కానీ కొత్తగా ఒక్క వెంట్రుక కూడా కనబడదు.

ఇంకో సంగతి పెట్టె మీద ఎక్కడా రాయరు. ఇది రెండే చోట్ల ఫోకస్ అవుతుంది. ఒకటి పైన, దూరంగా. రెండోది పూర్తిగా ఆనించి. మధ్యలో యాభై, డెబ్బై రెట్లు కావాలంటే బొమ్మ మసకే. బురద రొయ్యల పనిలో మనకి ఎక్కువగా కావాల్సింది ఆ మధ్యదే. ఖర్మ.

సరే, కొన్నాం కదా. పెట్టి చూస్తే మొదటి రోజు ఏమీ కనబడలేదు. లెన్సు చుట్టూ ఎనిమిది ఎల్ఈడీ దీపాలు ఉంటాయి, తడి పెంకు మీద ఆ ఎనిమిదీ ఎనిమిది తెల్ల చుక్కలై మెరుస్తాయి, మనకి కావాల్సిన గాడి సరిగ్గా ఆ చుక్కల కిందే ఉంటుంది. వైరు మీద వెలుతురు తగ్గించే చక్రం ఉంది, తగ్గిస్తే చుక్కలు చిన్నవయ్యాయి కానీ పోలేదు. రెండు రోజులు తిట్టుకున్నాక కుదిరిన పద్ధతి ఇది: చిన్న గాజు పళ్ళెంలో నమూనా పూర్తిగా మునిగేలా నీళ్ళు పోయాలి, కింద నల్ల గుడ్డ పరవాలి, గొట్టం దీపాలు ఆపేసి పక్కనుంచి టేబుల్ ల్యాంపు వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టాలి. అంతే, జీవి వేరే జీవి అయిపోయింది. గాడులు, ముళ్ళు, వెంట్రుకలు అన్నీ నీడలతో లేచి నిలబడ్డాయి. గాల్లో తడిగా పెడితే వెంట్రుకలన్నీ అతుక్కుపోతాయి, నీళ్ళలో విచ్చుకుంటాయి, ఈ జీవుల్లో సగం గుర్తింపు వెంట్రుకల్లోనే ఉంది.

ఇక అసలు పని. దీనికి ముందు నాకు తెలిసిన శరీర నిర్మాణం అంతా చెరువు రొయ్యది. టైగరా వన్నామీనా అంటే ముక్కు కొమ్ము మీద పళ్ళు లెక్కపెట్టడం, ఆడదైతే కడుపు వైపు జననాంగం మూసినట్టుందా తెరిచినట్టుందా చూడటం, అంతే. చెరువు రొయ్యలకి నడిచే కాళ్ళు ఐదు జతల్లో ముందు మూడు జతలకీ చివర చిన్న పట్టుకార్లు ఉంటాయి. నమ్మకపోతే రేపు కూరకి తెచ్చినప్పుడు కడిగే ముందు చూడండి, ఇంట్లోవాళ్ళు తిడితే నా బాధ్యత లేదు.

బాబాయి తెచ్చిన దాన్ని ఈ కొత్త పద్ధతిలో పక్కకి పడుకోబెట్టి చూశా. పట్టుకార్లు రెండు జతలకే ఉన్నాయి, మూడో జతకి లేవు. కాబట్టి చెరువు రొయ్యల జాతి కాదు. ఘోస్ట్ ష్రింప్‌కి కూడా మొదటి రెండు జతలకే పట్టుకార్లు ఉంటాయి కదా, నేను చెప్పిందే కరెక్టు అని మురిసిపోయా. ఫోటో తీసి, డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పే స్నేహితుడికి పంపా. వాడు రెండే ప్రశ్నలు అడిగాడు. "పొట్ట మీద రెండో పలక, ముందు దాని మీదా వెనక దాని మీదా రెండిటి మీదా ఎక్కి ఉందా? రెండో కాలు మణికట్టు ఒకటే ముక్కా, ముక్కలు ముక్కలుగా ఉందా?"

మళ్ళీ పెట్టి చూశా. రెండో పలక అటూ ఇటూ రెండు పలకల మీదా ఎక్కి కూర్చుంది, ఇంటి పెంకుల్లో మధ్య పెంకు రెండు పక్కలా కప్పినట్టు. రెండో కాలు మణికట్టు ఐదు చిన్న ముక్కల గొలుసులా ఉంది, చివర సూది మొనంత పట్టుకారు. కళ్ళు విడిగా కాడల మీద లేవు, పెంకు అంచు ముందుకి వచ్చి వాటి మీద కళ్ళద్దంలా కప్పింది. ఈ మూడూ కలిస్తే ఆల్ఫియస్, అంటే చిటిక వేసే రొయ్య. పెద్ద గోరు మూస్తే నీళ్ళలో బుడగ పుట్టి పగులుతుంది, ఆ పగిలిన చప్పుడే బకెట్లో మేం విన్నది. ఇది కూడా బురదలో బొరియల్లో ఉంటుంది, అయితే ఘోస్ట్ ష్రింప్ లాంటి బురద రొయ్యల కుటుంబాలకి దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. చెవులతో పట్టాల్సింది 1,650 పెట్టి కళ్ళతో పట్టా.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు, పురుగు పట్టేసింది.

పట్టుకోవడానికి పారతో తవ్వితే ముక్కలే దొరుకుతాయి. ఆస్ట్రేలియాలో గాలం ఎరకి వీటిని యాబీ పంపు అనే గొట్టంతో లాగుతారు. అలాంటిదే రెండంగుళాల పీవీసీ పైపు మూరన్నర ముక్క, లోపల రబ్బరు వాషరు వేసిన కడ్డీతో ప్లంబరు చేత చేయించా. రంగులు చల్లే పిచికారీని పెద్దది చేసినట్టు ఉంటుంది. అమావాస్య వెళ్ళిన మర్నాడు పాటు బాగా తీసినప్పుడు, క్రీక్ నోటి దగ్గర ఇసక బురద తేలితే, బొరియ మీద పెట్టి లాగి, పక్కన జల్లెడలో వదలడమే. ఒక్క మాట, కోరంగి అభయారణ్యం లోపల ఈ పని చేయకండి. అది 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా పట్టడం నేరం. నేను లాగినవన్నీ మా ఊరి వైపు, చెరువుల పక్క కాలవల్లో. ఇంకోటి, బకెట్టు నీళ్ళు తెచ్చి చెరువులో పారబోయకండి. పది కాళ్ళ జీవి ఏదైనా తెల్లమచ్చ వైరస్‌ని మోయగలదు. మేం బ్లీచింగ్ కలిపి ఒక పూట ఉంచి, చెరువుకి దూరంగా పోస్తాం.

రెండో నెల్లో రెండు రకాలు దొరికాయి. పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ వర్గీకరణ అంతా ఎందుకో నాకు తలకెక్కింది.

మొదటిది అసలు ఘోస్ట్ ష్రింప్. పేరుకి తగ్గట్టే ఒంట్లో రక్తం లేనట్టుంటుంది, పెంకు ఎంత పల్చనంటే పొట్ట పక్కల నుంచి లోపల నారింజ రంగు గుడ్ల తిత్తి కనబడుతుంది. గట్టిగా ఉండేది పెద్ద గోరు ఒక్కటే. అది కొన్నిటికి కుడివైపు, కొన్నిటికి ఎడమవైపు, మనలో ఎడమచేతి వాటం వాళ్ళలాగా. కళ్ళ కాడలు చదునుగా రెండు గోరుముక్కల్లా ఉండి వాటి మీద చిన్న నల్ల చుక్క, చీకట్లో బతికేదానికి అంతకన్నా ఎందుకు? రెండో జత కాళ్ళకి సిసలైన పట్టుకారు ఉంది, రెండు వేళ్ళూ కలుస్తాయి. మూడో జత చివరి భాగం వెడల్పుగా తెడ్డులా ఉంది, అంచున వెంట్రుకలు. దాంతోనే బురద నెడుతుంది. పొట్ట కింద ఈత కాళ్ళు మూడో జత నుంచి ఐదో జత వరకూ ఆకుల్లా వెడల్పు, లోపలి అంచున చిన్న కొక్కెం లాంటిది ఉండి కుడి ఆకునీ ఎడమ ఆకునీ కలిపి పట్టుకుంటుంది, జత మొత్తం ఒకే విసనకర్రలా ఊగి బొరియలోకి నీళ్ళు లాగుతుంది. ఆ కొక్కెం చూడటానికి మాత్రం ఈ గొట్టాన్ని ఆనించి 173 రెట్లలో పెట్టాల్సి వచ్చింది, ఆనించగానే ఆకు కదిలిపోవడం, మళ్ళీ సర్దడం, గంటన్నర పట్టింది.

రెండోది ఉపోజెబియా. చూడ్డానికి బొద్దుగా, ముందు భాగం అంతా గరుకుగా వెంట్రుకలతో, ముక్కు దగ్గర మూడు మూలల పలక మీద చిన్న ముళ్ళు. గడ్డం చేసుకోనివాడి మొహంలా ఉంటుంది. మొదటి జత గోళ్ళు రెండూ సమానం, వాటిలో కదలని వేలు పొట్టిది, కదిలే వేలు పొడుగు, అంచేత పూర్తి పట్టుకారు కాదు, కొడవలి మడత లాంటిది. రెండో జతకి పట్టుకారే లేదు. మామూలు కాలు, దాని కింద గుబురుగా వెంట్రుకలు. ఎందుకంటే ఇది బురద తినదు. రెండు నోళ్ళ బొరియలో కూర్చుని, పొట్ట కింది ఆకులతో నీళ్ళు ఆడించి, ముందు రెండు జతల కాళ్ళ వెంట్రుకలని బుట్టలా పట్టి వచ్చినదాన్ని వడకట్టి తింటుంది. టీ వడకట్టే జల్లెడలాగా. ఘోస్ట్ ష్రింప్ మాత్రం బురదనే జల్లించి అందులో తిండి ఏరుకుంటుంది, మిగిలింది పైకి చిమ్ముతుంది, అందుకే దాని బొరియ నోటి దగ్గర చిన్న ఇసక కుప్ప, పక్కన సేమియా ముక్కల్లా రెట్ట గింజలు. కాలు చూసి తిండి చెప్పొచ్చు, తిండి చూసి బొరియ చెప్పొచ్చు. ఇది నాకు నచ్చింది.

ఈ రెండిటికీ ఒక పోలిక ఉంది. వీపు మీద పెంకుకి రెండు పక్కలా ముందు నుంచి వెనక్కి నిలువునా పోయే సన్నటి గీత, కుట్టు వేసినట్టు. లీనియా థలస్సినికా అంటారు. పక్క వెలుతురులో ఇది ఈ చవక గొట్టంలో కూడా చక్కగా కనబడింది, ఫోటో వచ్చింది, ఆ ఒక్క విషయంలో దీనికి దండం పెట్టొచ్చు.

పాత పాఠ్యపుస్తకాల్లో ఇవన్నీ థలస్సినిడియా అనే ఒకే గుంపు. మీలో జువాలజీ చదివినవాళ్ళకి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. 1979లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మిషెల్ ద సెయింట్ లారెంట్ ఇవి రెండు వేర్వేరు గుంపులని అంది: ఆక్సిడియా, గెబీడియా. ఘోస్ట్ ష్రింప్ మొదటి దాంట్లో, ఉపోజెబియా రెండో దాంట్లో. మడ అడవుల్లో మట్టి దిబ్బలు లేపే థలస్సినా కూడా రెండో దాంట్లోనే, సుందర్‌బన్స్ మడల్లో ఉండే మడ్ లాబ్‌స్టర్ అదే. 2009లో జన్యువుల పోలిక చేసినప్పుడు కూడా ఇవి రెండు గుంపులనే వచ్చింది. అంటే బొరియలో బతకడం వల్ల వేరే వేరే వంశాలు ఒకేలా తయారయ్యాయి. కొబ్బరి దింపేవాడికీ తాటి చెట్టెక్కేవాడికీ అరికాళ్ళు ఒకేలా కాయలు కాసి ఉంటాయి, అంతమాత్రాన ఇద్దరూ ఒకింటివాళ్ళు కాదుగా. రెండు గుంపులనీ విడదీసే ముఖ్యమైన గుర్తు ఏంటంటే, అదే రెండో కాలు. పట్టుకారు ఉంటే ఆక్సిడియా. లేకపోతే, లేదా అరకొరగా ఉంటే గెబీడియా. ఇంత పెద్ద తగువు నాలుగు మిల్లీమీటర్ల కాలి చివర తేలిపోతుంది, ఆ నాలుగు మిల్లీమీటర్లు చూడటానికి 32 రెట్లు బోలెడు.

కానీ ఆ రెండు గుంపులు దాటి కుటుంబం, జాతి దాకా పోవాలంటే ఈ గొట్టం చేతులెత్తేస్తుంది. 2019లో గ్యారీ పూర్, పీటర్ డ్వోర్షాక్ మరికొందరు కలిసి ఒక్క ఘోస్ట్ ష్రింప్‌ల కుటుంబాన్నే జన్యువులూ శరీర గుర్తులూ చూసి మళ్ళీ ముక్కలు చేసి సర్దారు, కల్లియనాసిడే, కల్లిచిరిడే, యూకల్లియాసిడే అంటూ. వాటిని విడదీయాలంటే నోటి దగ్గర మూడో జత దవడకాలు వెడల్పు మూతలా ఉందా సన్నగా కాలులా ఉందా, మగదాని పొట్ట కింద మొదటి జత ఎలా ఉంది, ఇలాంటివి అన్ని వైపుల నుంచీ తిప్పి చూడాలి. ఒక చేత్తో సూది, ఒక చేత్తో చిమటా పట్టుకుని, లెన్సు కింద కాలు పక్కకి తొలగిస్తూ చూడాలి. ఈ గొట్టంలో పైన ఉన్న ఫోకస్‌లో లెన్సు కింద రెండు వేళ్ళ సందే ఉంటుంది, పైగా మనం చూసేది స్క్రీన్ మీద చదును బొమ్మ. సూది పైన ఉందో కింద ఉందో తెలియదు. రెండుసార్లు కళ్ళ కాడ పొడిచేశా. పెద్ద గోరు ఉన్న మగది ఒక్కటి దొరికితే అది కూడా భయపడి గోరు వదిలేసింది. ఇవి పట్టుకోగానే గోరు ఊడదీసుకుంటాయి, కాబట్టి ఏరి వేరే డబ్బాలో పెట్టి, దేని గోరు దానికే అని చీటీ రాసుకోవాలి. నేను రాయలేదు, డెబ్బై శాతం ఆల్కహాల్‌లో గోళ్ళు ఊడిన ఆరు జీవులూ ఎనిమిది గోళ్ళూ కలిసిపోయాయి.

ఆ డబ్బా తీసుకుని కాలేజీకి వెళ్ళా. మా స్నేహితుడి దగ్గర పిల్లలు డిసెక్షన్‌కి వాడే పాత స్టీరియో మైక్రోస్కోపు ఉంది. రెండు కళ్ళతో చూసేది. 20 రెట్లు, 40 రెట్లు, అంతే, ఇంకేం లేవు. పెట్టె మీద వెయ్యి లేదు, వందా లేదు. దాని కింద బోలెడు ఖాళీ. కళ్ళు పెట్టగానే నోట మాట రాలేదు. లోతు కనబడింది. కాలు కాలు మీద ఉన్నట్టు, వెంట్రుక ముందుకి వంగినట్టు, సూది మొన ఎక్కడుందో తెలుస్తూ. నేను ఈ గొట్టంతో గంటన్నర కష్టపడ్డ కొక్కెం రెండు నిమిషాల్లో దొరికింది. ఇంకో జీవికి వీపు ఒకవైపు పొంగినట్టు ఉంటే అది దెబ్బ అనుకున్నా, వాడు పెంకు అంచు ఎత్తి చూపిస్తే మొప్పల గదిలో బోపిరిడ్ అనే పరాన్నజీవి దర్జాగా కాపురం ఉంది. స్క్రీన్ మీద దాన్ని రెండు వారాలు చూస్తూనే ఉన్నా.

అంచేత ఈ వస్తువు మీద నా అసలు కంప్లయింటు ధర కాదు, బొమ్మ నాణ్యత కూడా కాదు. పెట్టె మీద అంకె. ఆ వెయ్యి చూసి కొనేవాడు, తనకి కావాల్సింది లెన్సు కింద ఖాళీ, పక్క వెలుతురు, రెండు కళ్ళు అని ఎప్పటికీ తెలుసుకోడు. కొత్త స్టీరియో మైక్రోస్కోపు చదువుకునే పిల్లల స్థాయిది నేను కనుక్కున్నప్పుడు ఏడెనిమిది వేలు చెప్పారు. అంత పెట్టలేకపోతే, నగల కొట్లో వాడే పది రెట్ల చేతి భూతద్దం కొనండి, నేను కొన్నప్పుడు రెండు మూడు వందల్లో వచ్చింది. రెండో కాలికి పట్టుకారు ఉందా లేదా అనేది బురదలో నిలబడే చెప్పేయొచ్చు. నిజం చెప్పాలంటే ఇప్పుడు నా జేబులో ఉండేది అదే.

మిగతా విషయాలు త్వరగా చెప్పేస్తా. స్టాండు ప్లాస్టిక్, గాలికి ఊగుతుంది. ఫోటో తీసే బటన్ గొట్టం మీదే ఉంది, నొక్కితే గొట్టం కదిలి ఫోటో చెడిపోతుంది, ఇది ఏ మహానుభావుడి ఐడియానో. కీబోర్డు నుంచి తీసుకోండి. దాంతో వచ్చిన సీడీ పెట్టడానికి ఇప్పుడు ఏ కంప్యూటరుకి డ్రైవ్ ఉంది? అది లేకుండానే విండోస్ కెమెరా యాప్‌లో పనిచేస్తుంది. ఫోనుకి తగిలిస్తే బొమ్మ వస్తుంది కానీ గంటలో చార్జింగ్ ఖాళీ. ఉప్పు గాలికి మూడో నెల్లో పిన్ను దగ్గర తుప్పు మొదలైంది, కొబ్బరినూనె పూసిన గుడ్డతో తుడిచేవాణ్ణి. నాకు వచ్చిన పెట్టెలో స్టాండు బిగించే మర లేదు. అమ్మినవాళ్ళకి రాస్తే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని నాలుగుసార్లు అదే వాక్యం వచ్చింది, మర రాలేదు. సైకిల్ షాపులో రెండు రూపాయల మర సరిగ్గా పట్టింది.

రొయ్యల రైతులకి ఒక మాట. సీడు వచ్చినప్పుడు పీఎల్, అంటే పిల్ల రొయ్య, పొట్టలో కండ ఎంత, పేగు ఎంత అని చూసుకోవడానికి ఇది కొంతవరకూ పనికొస్తుంది, ఆనించి పెడితే పేగు గీత, కండ మందం కనబడతాయి. మొప్పల మీద పట్టినవి, చిన్న చిన్న క్రిములు చూడాలంటే పనికిరాదు, ల్యాబుకే వెళ్ళండి. నా పొట్ట కొట్టకండి.

గట్టు సంగతి అడుగుతారని తెలుసు. చిటిక రొయ్య తవ్వింది చాలా చిన్నది, దానివల్ల అంత నీరు కారదు. బాబాయి చివరికి ఆ మూల మూడడుగులు తవ్వించి చూస్తే లోపల మండపీత బొరియ, చెయ్యి పట్టేంత. దానికి ఏ మైక్రోస్కోపూ అక్కర్లేదు. పీతని ఆ రోజు వండేశారు.

గొట్టం ఇప్పుడు నా దగ్గర లేదు. బాబాయి కూతురు ఎనిమిదో తరగతి, ఒకసారి చూసిస్తానన్నయ్యా అని పట్టుకెళ్ళింది. కొబ్బరాకు అడుగున తెల్లదోమ చుట్టలు చుట్టలుగా మైనం పెట్టి గుడ్లు పెడుతుంది కదా, అది ఈ గొట్టంలో భలే కనబడుతుందట. ఆకు చదునుగా ఉంటుంది, ఆనించి పెట్టినా కదలదు, సూది పెట్టే పని లేదు, దానికి సరిగ్గా సరిపోయింది. నెల దాటింది, ఇంకా ఇవ్వలేదు. నేనూ అడగలేదు.